అమ్మ వద్దన్న వాదన

“ఎవరితోనూ వాదన పెట్టుకోకు నాన్నా.”

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో, లోపలికెళ్లే గేటు ముందు అమ్మ చెప్పిన చివరి మాట ఇది. ఆవకాయ సీసా పగలకుండా చూసుకోమని కూడా అంత గట్టిగా చెప్పలేదు.

కారణం ఉంది. నేను వెళ్తున్నది కాన్సస్‌కి. ఆ పేరు వింటే మన ఇళ్లలో పెద్దవాళ్లకి ఒకటే గుర్తొస్తుంది. 2017 ఫిబ్రవరి 22న ఒలేత అనే ఊళ్లో, ఆఫీసు అయ్యాక ఓ బార్లో కూర్చున్న మన ఇంజనీర్లిద్దరి మీద ఒకడు తుపాకీ పేల్చాడు. ఒకరు చనిపోయారు, ఇంకొకరు గాయంతో బయటపడ్డారు. అడ్డుపడబోయిన స్థానికుడికీ తూటా తగిలింది. ఆ వార్త మా తెనాలి ఇంట్లో టీవీలో ఎన్నిసార్లు తిరిగిందో నాకిప్పటికీ గుర్తే.

అందుకని రెండేళ్లుగా అమ్మ మాట దాటలేదు. ఆఫీసులో ఎవరి కోడ్‌లో తప్పు కనిపించినా “బహుశా నేనే సరిగ్గా చూడలేదేమో” అని మొదలుపెడతాను. షాపులో లైను మధ్యలోంచి ఎవరైనా దూరితే ఫోన్ చూసుకుంటాను. నవ్వడం, తలూపడం, పక్కకి జరగడం... ఈ మూడూ వస్తే చాలు, అమెరికాలో హాయిగా బతికేయొచ్చు అనుకున్నాను.

ఈ నవంబర్‌లో ఓ శుక్రవారం ఆ లెక్క తప్పింది. దానికి కారణం ఒక బాస్కెట్‌బాల్ మ్యాచ్. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఒక ఈల.

కొండ మీద కాలేజీ

మా పిన్ని కొడుకు లారెన్స్‌లో, యూనివర్సిటీ ఆఫ్ కాన్సస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. “అన్నా, కాన్సస్‌లో ఉండి కేయూ మ్యాచ్ చూడకపోతే తిరుపతి వెళ్లి కొండెక్కకుండా వచ్చినట్టే” అని రోజూ ఒకటే పోరు. చివరికి టికెట్ కొన్నాను, హాఫ్ డే లీవు పెట్టాను.

నేనుండే ఓవర్‌లాండ్ పార్క్ నుంచి లారెన్స్‌కి కారులో నలభై నిమిషాలు. కే-10 రోడ్డు ఒలేత అంచు మీంచే పోతుంది. ఆ పేరున్న పచ్చ బోర్డు కనబడ్డప్పుడల్లా చేతులు స్టీరింగ్‌ని కొంచెం గట్టిగా పట్టుకుంటాయి. అది దాటాక రెండువైపులా కోతలైపోయిన చేలు. కృష్ణా డెల్టాలో సంక్రాంతికి ముందు కనిపించే రంగే.

కాన్సస్ అంటే చపాతీలా చదునుగా ఉంటుందంటారు. లారెన్స్‌లో మాత్రం కాలేజీ ఓ కొండ మీద ఉంది. పేరు మౌంట్ ఓరియాడ్. కొండంతా సున్నపురాయి. ఇక్కడి అభిమానుల నినాదం “రాక్ చాక్, జేహాక్, కేయూ” కూడా ఆ రాయి పేరు మీదే పుట్టింది. 1886లో ఓ కెమిస్ట్రీ ప్రొఫెసర్ సైన్స్ క్లబ్ కోసం తయారుచేసిన అరుపు అది. మన కాలేజీల్లో ల్యాబ్ రికార్డు తప్ప ఇంకేమీ పుట్టించని కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ ఇక్కడ ఏకంగా ఓ ఊరి గొంతునే తయారుచేసింది!

అద్దం వెనక రెండు కాగితాలు

తమ్ముడు ముందుగా స్టేడియం పక్కనే ఉన్న డెబ్రూస్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. అక్కడ అద్దం వెనక టైపు చేసిన రెండు పాత కాగితాలు ఉంటాయి. బాస్కెట్‌బాల్ మొట్టమొదటి 13 రూల్స్. జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబర్‌లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రాసిన అసలు కాగితాలు. 2010లో వేలానికి వస్తే, ఇక్కడే చదువుకున్న డేవిడ్ బూత్ అనే వ్యాపారి 43 లక్షల డాలర్లు పెట్టి కొని, ఈ ఊరికి తెచ్చాడు.

కథ మీకు తెలిసే ఉంటుంది. చలికాలం, బయట ఆడే వీల్లేదు, కుర్రాళ్లు కుదురుగా ఉండరు. పీఈటీ సారు నైస్మిత్ హాల్లో పది అడుగుల ఎత్తున రెండు పీచ్ పళ్ల బుట్టలు కట్టించాడు. జట్టుకి తొమ్మిది మంది చొప్పున పద్దెనిమిది మంది ఆడారు. ఆ మొదటి మ్యాచ్ స్కోరు ఎంతో తెలుసా? 1-0.

“మా వాళ్ల ఆఫెన్స్ బాలేదని ఏడుస్తున్నారుగా, ఇది చూపించాలి” అన్నాడు తమ్ముడు.

నైస్మిత్ 1898లో ఈ యూనివర్సిటీకి వచ్చాడు. ఇక్కడి మొదటి కోచ్ ఆయనే. 55 మ్యాచ్‌లు గెలిచి, 60 ఓడాడు. కేయూ కోచ్‌లందరిలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఒక్కడే. ఆట కనిపెట్టినాయనే! అయినా రోడ్డుకి ఆయన పేరే, స్టేడియంలో కోర్టుకీ ఆయన పేరే. ఆయన సమాధి కూడా ఈ ఊళ్లోనే ఉంది.

నేను రూల్స్ మొత్తం చదివాను. డాక్యుమెంటేషన్ కనబడితే చదవకుండా ఉండలేను, వృత్తి అలాంటిది. పదో రూల్ అంపైర్ గురించి: మనుషుల్ని చూడాలి, ఫౌల్స్ రాసుకోవాలి. పదకొండోది రిఫరీ గురించి: బంతిని చూడాలి, టైమ్ చూడాలి. అంటే ఆటతోపాటే ఈల కూడా పుట్టింది. డ్రిబ్లింగ్ అప్పటికి లేదు, మూడు పాయింట్ల లైను లేదు, బుట్టకి అడుగున కన్నం కూడా లేదు. రిఫరీ మాత్రం ఉన్నాడు.

“అన్నా, ఒకటి గమనించావా? రిఫరీని తిట్టకూడదని ఇందులో ఎక్కడా లేదు” అన్నాడు తమ్ముడు.

పొగమంచు హాలు

ఆలెన్ ఫీల్డ్‌హౌస్ బయట నుంచి చూస్తే సున్నపురాయితో కట్టిన పెద్ద గోడౌన్‌లా ఉంటుంది. 1955 మార్చి 1న తెరిచారు. 15,300 మంది పడతారు. పేరు ఫాగ్ ఆలెన్‌ది. ఇక్కడ 39 సీజన్లు కోచ్‌గా చేసినాయన. అసలు పేరు ఫారెస్ట్. బేస్‌బాల్ అంపైరింగ్ చేసేటప్పుడు గొంతు పొగమంచులో ఓడలు మోగించే హారన్‌లా ఉండేదని ‘ఫాగ్’ అయ్యాడు. పైన వేలాడే బ్యానర్ కూడా ఆ పేరుతోనే హెచ్చరిస్తుంది: ఫాగ్‌తో జాగ్రత్త అని. రిఫరీల మీద ఇంత అరిచే హాలుకి ఓ అంపైర్ గొంతు పేరు పెట్టారన్నమాట.

అరుపు అంటే మామూలు అరుపు కాదు. 2017 ఫిబ్రవరి 13న ఇక్కడ 130.4 డెసిబెల్స్ నమోదై గిన్నిస్ రికార్డు వచ్చింది.

సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, ఫిబ్రవరి 22న, ఇదే హాల్లో కేయూ ఇంకో మ్యాచ్ ఆడింది. ఒలేతలోని ఆ బార్లో ఆ రాత్రి జనం చూస్తున్నది ఆ మ్యాచే. ఇది నాకు ముందే తెలుసు. కానీ మెట్లు దిగి నా బెంచీ వెతుక్కుంటుంటే ఒక్కసారి కాళ్లు ఆగాయి. అప్పుడు టీవీలో కనబడిన కోర్టు ఇదే కదా అనిపించింది. వెనకాల వాళ్లు “ఎక్స్‌క్యూజ్ మీ” అంటే పక్కకి జరిగాను. అది నాకు బాగా అలవాటే కదా.

తమ్ముడు స్టూడెంట్స్ వైపు. ఇక్కడ సీట్ల కోసం పిల్లలు గుంపులుగా పేర్లు రాయించుకుని, వంతులేసుకుని స్టేడియంలోనే మకాం పెడతారు. వాడూ మూడు పూటలు కాపలా కాశాడట. అసైన్‌మెంట్ అక్కడే నేల మీద కూర్చుని రాశాడట. అవతలి జట్టును పరిచయం చేస్తుంటే వాళ్లంతా ముఖాలకి అడ్డంగా న్యూస్‌పేపర్లు తెరిచి, చదువుతున్నట్టు నటించారు. మీరెవరో మాకు అక్కర్లేదని! తర్వాత ఆ పేపర్లనే చించి గాల్లోకి విసిరారు.

నవంబర్ ఆఫెన్స్

నా పక్కన డెబ్భై దాటిన పెద్దాయన, ఆయన భార్య. ఆయన చేతిలో మడత కాగితం, పెన్సిలు. మ్యాచ్ మొదలైంది. మా వాళ్లు బంతి తెచ్చిన ప్రతిసారీ కాగితం మీద ఓ గీత. బంతి పోగొట్టుకుంటే ఆ గీత చుట్టూ సున్నా. సర్వర్ లాగ్ రాసినట్టు రాస్తున్నాడు.

వచ్చింది చిన్న కాలేజీ జట్టు. అయినా మా వాళ్ల ఆట నత్తనడకలా ఉంది. వెనక వరసలో అప్పుడే పంచాయితీ మొదలైంది. “మూడు పాయింట్ల షాట్లు వేసేవాడే లేడు” అని ఒకరు. “ఇద్దరు పొడగరుల్నీ రింగ్ దగ్గర పెడితే లోపలికి దారేది?” అని ఇంకొకరు. “పోయిన ఏడాది జట్టే నయం” అని మూడో ఆవిడ.

కోచ్ బిల్ సెల్ఫ్ 2003 నుంచి ఇక్కడే ఉన్నాడు. ఆయనకి పేరు తెచ్చింది హై-లో అనే పద్ధతి. ఓ పొడగరి ఫ్రీ త్రో లైన్ దగ్గర, ఇంకో పొడగరి రింగ్ కింద. పైవాడికి బంతి ఇస్తే అక్కణ్నించి కిందవాడికి. కుదిరితే ముచ్చటగా ఉంటుంది. కానీ ఇప్పుడు లోకమంతా మూడు పాయింట్ల లైన్ బయటే నిలబడుతోంది. ఆ లైన్‌ని 2019-20లో ఇంకా వెనక్కి, 22 అడుగులు దాటించి జరిపారు కూడా. కాబట్టి ఈ చర్చ ప్రతి నవంబర్‌లోనూ ఉండేదేనట.

దానికి తోడు ట్రాన్స్‌ఫర్లు. 2021 నుంచి ఆటగాళ్లు ఏడాది ఖాళీగా కూర్చోకుండానే కాలేజీ మారొచ్చు. సగం జట్టు ఏటా కొత్తదే. షాట్ క్లాక్ మాత్రం 30 సెకన్లే. మొన్నే పరిచయమైన ఐదుగురు 30 సెకన్లలో ఒకే ఆలోచనకి రావాలి. మా ఆఫీసులో ఐదుగురం గంటసేపు మీటింగ్ పెట్టుకున్నా రాం.

పెద్దాయన ఉన్నట్టుండి కాగితం నా వైపు తిప్పాడు.

“అందరూ షాట్లు పడట్లేదంటారు. చూడు. ఇవన్నీ షాట్ దాకా వెళ్లనివి. పాస్ ఇచ్చేవాడు మనిషి ఇక్కడుంటాడనుకున్నాడు. ఆ మనిషి అక్కడికెళ్లాడు. అంతే.”

సున్నాలు లెక్కపెట్టాను. మొదటి సగంలోనే తొమ్మిది. ఈ స్థాయిలో ఓ జట్టుకి మ్యాచ్ మొత్తం మీద బంతి చేతికొచ్చేది డెబ్భై సార్లకి అటూఇటూ. అందులో తొమ్మిది సగం కాకుండానే గాలికి పోయాయి. నాకు చెప్పాలనే ఉంది. ఇది ఆఫెన్స్ డిజైన్ తప్పు కాదు, కొత్త టీమ్ మొదటి రిలీజ్‌లో వచ్చే బగ్ అని. కానీ నవ్వాను, తలూపాను.

బ్రేక్‌లో ఆయన భార్య నా వైపు వంగి, “మీది ఏ ఊరు?” అంది.

మామూలు ప్రశ్నే. కాన్సస్‌లో ఉన్న మన వాళ్లెవరికైనా ఆ ప్రశ్న వినగానే లోపల ఓ అర సెకను ఆగుతుంది. “ఇండియా. ఆంధ్ర” అన్నాను.

“అక్కడ బాస్కెట్‌బాల్ ఆడతారా?”

ఆడతారని చెప్పాను. మా ఇంజనీరింగ్ కాలేజీలో సిమెంటు కోర్టు, నెట్ లేని రింగు, పడితే మోకాలు చెక్కుకుపోవడమే అని చెప్పాను. ఆవిడ నవ్వి, “మా ఊరి బడిలోనూ నెట్ ఉండేది కాదు” అంది.

ఆ ఈల

రెండో సగంలో తేడా నాలుగు పాయింట్లకి తగ్గింది. హాలంతా నిలబడే ఉంది. అప్పుడు మా గార్డ్ కుడివైపు నుంచి రింగ్ మీదకి దూసుకెళ్లాడు. అవతలి జట్టు కుర్రాడు దారిలో నిలబడ్డాడు. గుద్దుకున్నారు. ఇద్దరూ పడ్డారు. బంతి బోర్డుకి తగిలి బుట్టలో పడింది.

ఈల.

రిఫరీ ఓ చెయ్యి తల వెనక పెట్టాడు. ఛార్జ్. అంటే తప్పు మా వాడిది. బుట్ట చెల్లదు, బంతి అవతలివాళ్లకి.

ఆ క్షణంలో వచ్చిన శబ్దం నేను చెవులతో వినలేదు, పక్కటెముకలతో విన్నాను. పెద్దాయన లేచి, ముఖం ఎర్రగా చేసుకుని, “కదులుతున్నాడు! వాడు కదులుతున్నాడు!” అని అరుస్తున్నాడు. తమ్ముడి వాట్సాప్: “దొంగ రిఫరీ అన్నా!!!”

నాకు మాత్రం స్పష్టంగా కనబడింది. అది మా వైపు రింగే. 2023-24 నుంచి ఉన్న రూల్ ప్రకారం, దాడి చేసేవాడు గాల్లోకి లేవడానికి ఆఖరి అడుగు నేలమీద ఆనించే సరికే అడ్డుకునేవాడు తన చోట కుదురుకుని ఉండాలి. ఆలస్యమైతే బ్లాక్, తప్పు అడ్డుకున్నవాడిది. రింగ్ కింద గీసిన చిన్న అర్ధచంద్రం బయట కూడా ఉండాలి. ఆ కుర్రాడు ముందే నిలబడ్డాడు, గీత బయటే ఉన్నాడు. కాలేజీలో నేను ఆడింది డిఫెన్సే. అలా నిలబడి గుద్దించుకోవడం తప్ప నాకింకేం రాదు కూడా.

“ఛార్జే” అన్నాను.

నాలో నేను అనుకున్నాననుకున్నా. కానీ బయటికే వచ్చింది. పెద్దాయన ఇటు తిరిగాడు.

“ఏమన్నావు?”

చుట్టూ పదిహేను వేల మంది ఒకే మాట మీద ఉన్నారు. నీలం టోపీ పెట్టుకున్న ఓ డెబ్భై ఏళ్ల కాన్సస్ మనిషి ఎర్రబడ్డ ముఖంతో నన్నే చూస్తున్నాడు. గేటు దగ్గర అమ్మ ముఖం గుర్తొచ్చింది. “ఏం లేదు సర్” అనొచ్చు. ఆ మాట నాలుక చివరే ఉంది. రెండేళ్లుగా ఉన్న చోటే.

“ఛార్జే సర్. పాదాలు కుదిరాకే మన వాడు లేచాడు. గీత బయటే ఉన్నాడు. రిఫరీ కరెక్టు.”

“భుజం చూశావా? భుజం వంచాడు!”

“రూల్ పాదాల గురించి చెబుతుంది సర్. భుజం వెనక్కి వంచొచ్చు, గుద్దుకుంటుంటే కాచుకోవచ్చు.”

“నవంబర్‌లో ఇలాంటివి ఇస్తారు. మార్చిలో ఇస్తారేమో చూడు!”

“అలాగైతే తప్పు మార్చిది సర్, నవంబర్‌ది కాదు.”

గొంతు నాదేనా అనిపించింది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఈలోగా ఆయన భార్య ఆయన మోచెయ్యి పట్టుకు లాగింది.

“ఈయన ఇరవై ఏళ్లు హైస్కూల్ మ్యాచ్‌లకి రిఫరీగా చేశాడు” అంది నాతో. “అప్పుడు నేను ఈయన మీద అరిచేదాన్ని.”

“అరిచేది” అన్నాడాయన. “నాలుగు కౌంటీల్లో వినబడేది.”

ఇక మ్యాచ్ అయ్యేదాకా మేమిద్దరం ఆగలేదు. సీజన్ మొదట్లో ఈలలు ఎందుకు ఎక్కువో ఆయన చెప్పాడు. ప్రతి ఏడూ కొన్ని రూల్స్ మీద గట్టిగా ఉండమని రిఫరీలకి ముందే చెబుతారు. 2013-14లో చేత్తో ఆపడం మీద అలా పట్టుకుంటే నవంబర్ అంతా ఫౌల్స్ వర్షమేనట. ఓ సగంలో ఏడో ఫౌల్ నుంచి అవతలివాళ్లకి ఫ్రీ త్రోలు మొదలు. కాబట్టి ఆ ఈలలు డిఫెన్స్‌నే కాదు, ఆఫెన్స్ లెక్కల్నీ మార్చేస్తాయి. “రిఫరీలూ కొత్త టీమే. ముగ్గురూ కలిసి పని చేసేది ఈ ఒక్క రాత్రికే కావచ్చు. వాళ్ల పాసులూ తప్పుతాయి” అన్నాడు.

“మరి అరుస్తారెందుకు?”

“వాళ్లకి వినబడుతుందా లేదా అని” అన్నాడు, చాలా సీరియస్‌గా.

2022 సంగతీ ఆయనే గుర్తుచేశాడు. ఆ సీజన్ నవంబర్‌లో కేయూ డేటన్ అనే జట్టు చేతిలో ఆఖరి క్షణంలో 74-73తో ఓడింది. ఊరంతా ఇవే మాటలు: ఆఫెన్స్ లేదు, రిఫరీలు దొంగలు. ఏప్రిల్‌లో అదే జట్టు ఫైనల్లో నార్త్ కరోలైనా మీద 16 పాయింట్లు వెనకబడి, 72-69తో గెలిచి ఛాంపియన్ అయింది. ఫైనల్స్ చరిత్రలో అంత వెనక నుంచి వచ్చి ఎవరూ గెలవలేదు.

“నవంబర్‌లో జట్టు ఎలా ఉందని అడక్కూడదు. ఒకరినొకరు ఎంత తెలుసుకున్నారని అడగాలి” అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండో సగంలో సున్నాలు నాలుగే.

నెమ్మదిగా పాడే నినాదం

గెలుపు ఖాయమయ్యాక అందరూ భుజాల మీద చేతులేసుకుని ఊగుతూ “రాక్ చాక్” పాడారు. అరుపు కాదు, చాలా నెమ్మదిగా, చర్చిలో పాడినట్టు. నా భుజం మీద ఓ బరువైన చెయ్యి పడింది. పెద్దాయనది. నేనూ వేశాను.

వెళ్లేటప్పుడు ఆయన పేరు అడగలేదు, నా పేరూ చెప్పలేదు. “అది బ్లాకే” అన్నాడు, చెయ్యి కలిపి.

“ఛార్జ్ సర్.”

“జనవరిలో రా. అప్పుడు మాట్లాడదాం.”

పార్కింగ్‌లో కారు వేడెక్కేలోగా అమ్మకి ఫోన్ చేశాను. ఇక్కడ రాత్రి తొమ్మిది దాటింది, అక్కడ పొద్దున్నే. వెనకాల కుక్కర్ విజిల్ వినబడుతోంది.

“గొంతేంట్రా అలా బొంగురుపోయింది? జలుబు చేసిందా?”

“లేదమ్మా. ఒకాయనతో వాదించాను.”

కుక్కర్ తప్ప ఇంకేమీ వినబడలేదు కాసేపు.

“ఎవరితో? ఎక్కడ? నేనేం చెప్పాను నీకు?”

“ఇక్కడి ఆయనే, పెద్దాయన. మ్యాచ్‌లో రిఫరీ గురించి. ఆయన తప్పన్నాడు, నేను కరెక్టన్నాను. చివర్లో భుజం మీద చెయ్యేసి పాట పాడాడు. జనవరిలో మళ్లీ రమ్మన్నాడు.”

అమ్మ స్టవ్ ఆపిన చప్పుడు. తర్వాత ఓ పెద్ద ఊపిరి.

“ఇంతకీ ఎవరిది కరెక్టు?”

“నాదేనమ్మా.”

“అయితే జనవరిలో వెళ్లు” అంది. “స్వెట్టర్ వేసుకుని వెళ్లు.”